పట్టిన చేయి ఎప్పుడు వదలాలి: కబడ్డీలో ప్రత్యర్థిని గౌరవించడం ఎలా

కబడ్డీలో ప్రత్యర్థి మన దగ్గరికి ఒంటరిగా వస్తాడు. క్రికెట్‌లో బౌలర్‌కూ బ్యాటర్‌కూ మధ్య 22 గజాల దూరం ఉంటుంది. వాలీబాల్‌లో వల అడ్డుంటుంది. ఇక్కడ అటువంటి అడ్డేమీ లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో మధ్య గీత దాటి, కూత పెడుతూ, ఏడుగురి మధ్యకు ఒక్కడే వస్తాడు. అతడికి దొరికేది 30 సెకన్లు. ఏడుగురూ కలిసి అతణ్ణి పట్టుకోవడం ఆటలో న్యాయమే. కానీ ఆ పట్టులో ఎంత బలం వాడాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించేది మనమే. ఒక జట్టుకు ప్రత్యర్థి మీద గౌరవం ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

నాకు ఈ సంగతి పంతొమ్మిదేళ్ల వయసులో తెలిసింది. సంక్రాంతి పోటీలు, రాత్రి మ్యాచ్, మట్టి బరి. నేను ఎడమ కార్నర్‌లో, అంటే పట్టేవాళ్ల వరుసకు ఎడమ చివర ఆడుతున్నాను. కూతకు వచ్చిన రైడర్‌ను అప్పటికే మావాళ్లు ఇద్దరు నడుము దగ్గర పట్టేశారు. కూత ఆగింది, విజిల్ కూడా వినిపించింది. అయినా ఆ ఊపులో పరుగున వెళ్లి భుజంతో అతడి మీద పడ్డాను. అతడి కాలర్ బోన్ విరిగింది. అతడు తాపీ మేస్త్రీ దగ్గర పనిచేసే కుర్రాడు. మూడు నెలలు పనికి వెళ్లలేకపోయాడు. నాకు హెచ్చరికతో సరిపోయింది. ఆ మ్యాచ్ మేమే గెలిచాం. ఆ గెలుపు గురించి ఇన్నేళ్లలో ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు.

ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. కాలి పట్టు నేర్పిన రోజునే వదలడం కూడా నేర్పుతాను. కింద రాసినవన్నీ అలా నేర్పుతూ, తప్పులు దిద్దుకుంటూ పోగుచేసినవి. మీరు ఆటగాడైనా, జట్టు నడిపేవారైనా, ఊళ్లో పోటీలు పెట్టేవారైనా ఇవి పనికొస్తాయి.

ముందు రోజు సాయంత్రం

గోళ్లు తీసుకోండి. చేతివీ, కాలివీ. పొట్టిగా కత్తిరించి వదిలేయకుండా అంచులు నున్నగా రుద్దుకోండి. అప్పుడే కత్తిరించిన గోరు అంచు బ్లేడులా ఉంటుంది. నేలబారున వచ్చే రైడర్ ముఖం మీ చేతులకు ఎంత దగ్గరగా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. నియమావళిలో గోళ్ల గురించి ప్రత్యేకంగా రాసి ఉంది, ఆభరణాలు వద్దని కూడా ఉంది. జట్టు సంచిలో నెయిల్ కట్టర్ ఒకటి ఎప్పుడూ ఉంచండి. మరిచిపోయి వచ్చేవాడు ప్రతి మ్యాచ్‌కూ ఒకడుంటాడు.

ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టి రండి. బిగిసిపోయిన కడియాన్ని సబ్బు నీళ్లతో నెమ్మదిగా తీయవచ్చు. పైన గుడ్డ చుట్టి ఆడతానంటే ఒప్పుకోకండి. ఆ గుడ్డ జారిపోతే కింద ఉన్నది లోహమే. మొక్కు తాడు కట్టుకున్న కుర్రాళ్లకు తీయమంటే బాధ కలుగుతుంది. ఆ తాడులో అవతలివాడి వేలు ఇరుక్కుంటే విరుగుతుందని చెప్పి, పెద్దవాళ్ల చేత విప్పించి, మ్యాచ్ అయ్యాక మళ్లీ కట్టించండి. ఒంటికి నూనె రాసుకుని రావడం నిషేధం. పట్టు జారిపోవాలని చేసే ఈ పని మోసమే. దాన్ని తెలివి అని మెచ్చుకునే పెద్దలు మీ జట్టులో ఉంటే వాళ్ల మాట వినకండి.

బరిలోకి అడుగుపెట్టే ముందు

నేలను తాకి కళ్లకు అద్దుకునే అలవాటు మన ఆటగాళ్లలో చాలామందికి ఉంది. దాన్ని పోనివ్వకండి. అక్కడితో ఆగిపోకుండా అవతలి జట్టు దగ్గరికి వెళ్లండి. రెండు జట్లూ వరుసలో నిలబడి చేతులు కలిపేటప్పుడు చాలామంది వేళ్లు మాత్రం తగిలించి, చూపు ఎటో పెట్టి వెళ్లిపోతారు. ఒక్క క్షణం ఆగి ముఖం చూసి చేయి కలపండి. వీలైతే పేరు అడగండి. పేరు తెలిసిన మనిషి మీద మోకాలు పెట్టి లేవడం కాస్త కష్టమవుతుంది, నా అనుభవంలో ఇది నిజం.

రిఫరీని పలకరించి, ఇవాళ ఏ నియమాల ప్రకారం ఆడిస్తున్నారో స్పష్టంగా అడగండి. బోనస్ (అవతలి వైపు బోనస్ గీత దాటిన రైడర్‌కు వచ్చే పాయింట్) ఉందా, రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతకు తప్పనిసరిగా పాయింట్ తేవాలా, ముగ్గురు లేక అంతకన్నా తక్కువమంది ఉన్నప్పుడు పట్టుకుంటే అదనపు పాయింట్ ఇస్తారా, లాబీలోకి (బరికి రెండు పక్కలా ఉండే పట్టీల్లోకి) ఎప్పుడు వెళ్లవచ్చు అన్నవి తప్పకుండా తెలుసుకోండి. ఊళ్లలో జరిగే పోటీల్లో ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటుంది. మ్యాచ్ మధ్యలో వచ్చే గొడవల్లో సగం ముందుగా ఈ సంగతి తేల్చుకోనందువల్ల వచ్చేవే. ఇద్దరు కెప్టెన్లూ కలిసి వెళ్లి అడిగితే ఇంకా మంచిది. విన్నది ఇద్దరూ ఒకటే వింటారు.

గీతకు ఆనుకుని కుర్చీలు, గుంజలు, జనం ఉంటే ఆట మొదలుపెట్టకండి. రైడర్‌ను ఛాతీతో నెట్టి బయటికి పంపడం ఈ రోజుల్లో మామూలైపోయింది. అతడు వెళ్లి పడేది ఎక్కడో ముందే చూడాల్సిన బాధ్యత నెట్టేవాళ్లకూ ఉంది. చుట్టూ కనీసం రెండు మూడు మీటర్లు ఖాళీ చేయించండి. పిల్లలు గీత దగ్గరికి జరుగుతూనే ఉంటారు, విరామంలో మళ్లీ ఒకసారి వెనక్కి పంపించండి.

తగిలితే చేయి ఎత్తండి

రైడర్ వేలి కొస మీ మోచేతికి తగిలింది. రిఫరీ అటువైపు ఉన్నాడు, అంపైర్‌కు మీ జట్టువాడు అడ్డొచ్చాడు. తగిలిన సంగతి మీకు తెలుసు, బహుశా రైడర్‌కు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. పెద్ద పోటీల్లో వీడియో సమీక్ష ఉంటుంది. మన ఊరి బరిలో అది ఉండదు. అక్కడ ఆట మీ నిజాయితీ మీద నిలబడుతుంది.

అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. చేయి పైకెత్తి, ఎవరి ముఖమూ చూడకుండా, నడుస్తూ బయటికి వెళ్లి అవుటైనవాళ్లు కూర్చునే వరుసలో కూర్చోండి. ఆలోచించడానికి సమయం తీసుకోకండి. రెండు సెకన్లు ఆగితే జట్టువాళ్ల కేకలు మొదలవుతాయి, ఆ తర్వాత చేయి లేవదు. మీరు అవుటైతే పోయేది ఒక్క పాయింట్. మీవాళ్లు ఎవరినైనా అవుట్ చేయగానే అవుటైన వరుస క్రమంలో మళ్లీ లోపలికి వస్తారు. ఆటే మీకు తిరిగి రావడానికి దారి పెట్టింది.

రైడర్‌గా వెళ్లినప్పుడు ఇదే నిజాయితీ తిరగబడి ఉంటుంది. తగలని మనిషిని తగిలిందని చూపించకండి. ముగ్గురి మధ్యనుంచి దూసుకువచ్చి నలుగురిని చూపించే రైడర్లను చూశాను. ఒక్కసారి అబద్ధం బయటపడితే ఆ తర్వాత మీరు నిజంగా తెచ్చిన పాయింట్‌ను కూడా ఎవరూ నమ్మరు. కూత వినిపించేలా, తెగకుండా పెట్టండి. గొంతులోనే గొణిగి, తెగిన చోట మళ్లీ అందుకుని, రిఫరీ గమనించలేదని సంతోషపడటం కూడా దొంగతనమే.

దీన్ని సాధనలోనే అలవాటు చేయాలి. వారంలో ఒకరోజు పది నిమిషాలు రిఫరీ లేకుండా ఆడించండి. నియమం ఒకటే: తగిలినవాడు, రైడర్ మధ్య గీత దాటేలోపు తానే చేయి ఎత్తాలి. మొదటి వారం వాదనలతోనే పది నిమిషాలూ గడిచిపోతాయి. మీరు మధ్యలో వెళ్లి తీర్పు చెప్పకండి, వాళ్లనే తేల్చుకోనివ్వండి. నా దగ్గర ఒక జట్టుకు ఇది కుదరడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. కుదిరాక ఆ పిల్లలు అసలు మ్యాచ్‌లో రిఫరీ విజిల్ కన్నా ముందే బయటికి నడిచేవారు. ఒక కీలకమైన మ్యాచ్ అలాగే ఒక పాయింట్ తేడాతో ఓడిపోయాం. చేయి ఎత్తిన కుర్రాణ్ణి ఆ రాత్రి జట్టులో ఎవరూ ఒక్క మాట అనలేదు. వాళ్లకు ఆట వచ్చిందని నేను ఆ రోజు నమ్మాను.

పట్టు, విడుపు

ఈ భాగం నెమ్మదిగా చదవండి. చదివాక బరిలో చేసి చూడండి.

చీలమండ పట్టుకున్నప్పుడు మీ వైపు లాగండి, మెలిపెట్టకండి. పాదం నేల మీద ఆనుకుని ఉండగా కాలిని తిప్పితే దెబ్బ మోకాలికి వెళుతుంది. మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్లు తెగినవాళ్లు మళ్లీ ఆటలోకి రావడానికి నెలలు పడుతుంది, కొందరు అసలు రారు. తొడ పట్టులో తల పక్కకు ఉండాలి, చేతులు రెండూ కలవాలి, బరువు కిందికి దిగాలి. నడుము పట్టినప్పుడు ఎత్తి వెనక్కి విసరకండి. రైడర్ తల ముందుగా నేలకు తగిలే పట్టు ఏదైనా సరే, అది ఎంత అందంగా కనిపించినా మీ ఆటలోంచి తీసేయండి.

మెడ జోలికి పోకండి. నోరు మూసి కూత ఆపడం ఫౌల్. రెండు కాళ్లతో కత్తెర వేయడం ఫౌల్. జుట్టు, బట్టలు లాగడం కూడా తప్పే. అమ్మాయిల జట్లలో జడను గట్టిగా చుట్టి క్లిప్పులు లేకుండా మెత్తని బ్యాండుతో బిగించమనండి. తలలో లోహపు పిన్ను ఉంటే అది పట్టుకున్నవాళ్ల ముఖానికి గుచ్చుకుంటుంది.

ఇక విడుపు. కూత ఆగిందని తెలిసిన వెంటనే, లేదా విజిల్ వినగానే, ముందు చేతి వేళ్లలో బిగువు తగ్గించండి. ఒక్కసారిగా వదిలేస్తే గాలిలో ఉన్న మనిషి కింద పడతాడు, కాబట్టి బిగువు తగ్గిస్తూ నేల మీదికి దించండి. అయిదారుగురు ఒకరి మీద ఒకరు పడి ఉన్నప్పుడు పైన ఉన్నవాడు ముందు లేవాలి. అవతలివాడి ఛాతీ మీదో పొట్ట మీదో చేయి ఆనించి లేవకండి, చేయి నేల మీద పెట్టి లేవండి. అట్టడుగున ఉన్న రైడర్ అప్పటికే కూతతో ఊపిరి అయిపోయిన మనిషి. అతడి మీద మరో పది సెకన్లు పడుకుని ఉండటం అతణ్ణి ఊపిరాడకుండా చేయడమే. అందరూ లేచాక చివరిగా లేచేవారు అతడికి చేయి అందించాలి. మా జట్టులో ఇది ఎడమ కార్నర్ పని. ఎవరి పనో ముందే చెప్పకపోతే ఎవరూ చేయరు.

పట్టు పూర్తయ్యాక వచ్చి చేరేవాడే అందరికన్నా ప్రమాదకరం. అది నేనే కాబట్టి చెబుతున్నాను. ముందే ఇద్దరు పట్టేసి, రైడర్ కదలడం లేదని కనబడుతుంటే మీ పని అతడికీ మధ్య గీతకూ నడుమ అడ్డంగా నిలబడటం. గీతకు చేయి చాపితే ఆపండి, చాలు. సాధనలో దీన్ని విడిగా నేర్పండి: ఇద్దరు పట్టాక కోచ్ "అడ్డు" అని కేక వేస్తే మిగిలినవాళ్లు దూకకుండా గీత వైపు జరగాలి. ఇది రక్షణ పరంగా కూడా మంచి ఆట. రైడర్ జారిపోతే వెంటనే రెండో వరుస సిద్ధంగా ఉంటుంది.

రైడర్‌కు కూడా ఒక మాట. కాలితో తాకడానికి వేసే తన్ను తాకడానికే ఉండాలి. వంగి ఉన్న డిఫెండర్ ముఖం మీ మడమ ఎత్తులో ఉంటుంది. ఎవరున్నారో చూడకుండా వెనక్కి తన్నే అలవాటు ఉన్నవాళ్లు ఆ అలవాటు పోయేదాకా చేతితో తాకే ఆట ఆడండి.

తొడ కొట్టడం గురించి

మన ఆటలో తొడ కొట్టడం ఉంది, ఉండాలి కూడా. పాయింట్ తెచ్చి మధ్య గీత దాటి, మీవాళ్ల వైపు తిరిగి తొడ కొట్టారంటే అది ఉత్సాహం. ప్రేక్షకులు దానికోసమే వస్తారు, నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కిందపడిన మనిషి మీదికి వంగి, అతడి కళ్లలోకి చూస్తూ కొడితే అది అవమానం. చప్పుడు ఒకటే, నిలబడిన చోటు వేరు. మీ ఆటగాళ్లకు దీన్ని మాటల్లో చెప్పడం కన్నా, ఎవరి వైపు తిరిగి కొట్టాలో చూపించండి.

మాటల విషయంలో నేను ఇంత ఉదారంగా ఉండలేను. "రా, చూద్దాం" అనుకోవచ్చు. కులం పేరు ఎత్తడం, ఒంటి రంగు, లావు, ఊరు, తల్లిదండ్రుల పని గురించి అనడం ఏ రకంగానూ ఆటలో భాగం కాదు. మన ఊళ్లలో కొన్ని వీధుల కుర్రాళ్లు ఏ వరుసలో కూర్చోవాలో ఇప్పటికీ ఇతరులు నిర్ణయించాలని చూస్తారు. బరిలో ఆ ఏర్పాటు చెల్లదు. మీ జట్టులో ఎవరైనా అలాంటి మాట అంటే రిఫరీ వినేదాకా ఆగకండి. టైమ్ అవుట్ తీసుకోండి, అతణ్ణి బయట కూర్చోబెట్టండి, మ్యాచ్ పోయినా సరే. కెప్టెన్ అవతలి ఆటగాడి దగ్గరికి వెళ్లి అందరూ చూస్తుండగా క్షమాపణ చెప్పాలి. అన్నవాడు మర్నాడు వాళ్ల ఊరు వెళ్లి చెప్పి రావాలి. అప్పటిదాకా జట్టులో చోటు లేదు.

మైకు పట్టుకున్న వ్యాఖ్యాతకు కూడా ముందే చెప్పి ఉంచండి. ఊరి పోటీల్లో ఆటకు ఊపు తెచ్చేది అతడే, గొడవ తెచ్చేదీ చాలాసార్లు అతడే. జారిపడిన ఆటగాణ్ణి ఎగతాళి చేయకూడదు, అమ్మాయిల మ్యాచ్‌లో దుస్తుల గురించీ రూపం గురించీ మాట్లాడకూడదు. అమ్మాయిల జట్లు వస్తున్నప్పుడు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, మరుగుదొడ్డి, నీళ్లు సిద్ధం చేయకుండా ఆహ్వానం పంపకండి. బడి గది తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్లు వచ్చాక వెతకడం మర్యాద కాదు.

రిఫరీతో ఎలా మాట్లాడాలి

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్ మీలో చాలామంది చూసి ఉంటారు. 2023 అక్టోబర్ 7న భారత్, ఇరాన్ ఆడాయి. ఆట చివరి నిమిషాల్లో స్కోరు 28-28 ఉండగా భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లి ఎవరినీ తాకకుండా లాబీలో కాలు పెట్టాడు, ఇరాన్ డిఫెండర్లు అతడి వెంట వెళ్లారు. అప్పుడు ఎవరు అవుట్ అన్నది పాత నియమం ప్రకారం ఒకలా, కొత్త నియమం ప్రకారం మరోలా ఉంది. తీర్పులు మారాయి, ఆటగాళ్లు మ్యాట్ మీద కూర్చుండిపోయారు, దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. ఇరాన్ ఆటగాళ్లు అంత వేదనతో ఉండటం నాకు అర్థమైంది, మనవాళ్ల పట్టుదలా అర్థమైంది. ఆ స్థాయిలోనే నియమం మీద స్పష్టత లేకపోతే అలా జరిగింది. రాత్రి పదింటికి పక్క ఊరి నుంచి బండి మీద వచ్చి విజిల్ ఊదే పీఈటీ మాస్టారి మీద మనం ఎగబడటంలో ఏం న్యాయం ఉంది?

మాట్లాడేది కెప్టెన్ ఒక్కరే. మిగిలిన ఆరుగురూ తమ స్థానాల్లోకి వెనక్కి వెళ్లాలి. కెప్టెన్ చేయి ఎత్తి, అనుమతి తీసుకుని, రెండు చేతుల దూరంలో నిలబడి ఒక ప్రశ్న అడగాలి: "సార్, దీన్ని ఏ కారణంతో ఇచ్చారు?" కారణం విన్నాక తీర్పు మారకపోతే "సరే సార్" అని వెనక్కి రావాలి. "మీరు వాళ్ల మనిషి" అన్న మాట ఎప్పుడూ నోటి వెంట రాకూడదు. పచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డుకు రెండు నిమిషాలు బయట, ఎర్ర కార్డుతో మ్యాచ్ నుంచే బయటికి. వాదన వల్ల జట్టు ఆరుగురితో ఆడాల్సి వస్తే మిగిలినవాళ్ల శ్రమను మీరు పాడుచేసినట్టే.

తీర్పు మీకు అనుకూలంగా తప్పు పడితే? అదీ కెప్టెన్ పనే. మీ రైడర్ బోనస్ గీత దాటలేదని అతడే చెబుతుంటే వెళ్లి రిఫరీకి చెప్పండి. 1980లో బొంబాయిలో జరిగిన గోల్డెన్ జూబ్లీ క్రికెట్ టెస్టులో భారత కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్, అంపైర్ అవుట్ ఇచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు బాబ్ టేలర్‌ను వెనక్కి పిలిచాడు. భారత్ ఆ టెస్టు ఓడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మ్యాచ్ అనగానే ఆటను ఇష్టపడేవాళ్లకు ఆ పిలుపు గుర్తొస్తుంది.

ఎవరికైనా దెబ్బ తగిలితే

లేపకండి. మన మొదటి పని ఎప్పుడూ చేయి పట్టి లేపడమే, అదే ప్రమాదం. ముందు చేయి ఎత్తి ఆట ఆపించండి. అతడు మాట్లాడుతున్నాడా, వేళ్లు కదులుతున్నాయా చూడండి. మెడ లేదా వెన్ను నొప్పి అంటే, కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయంటే కదిలించకుండా 108కి ఫోను చేయండి. చుట్టూ మూగిన జనాన్ని గాలి ఆడేలా దూరంగా పంపండి. దెబ్బ తగిలించిన ఆటగాడు అక్కడి నుంచి తప్పుకోకూడదు. వాళ్లవాళ్లు కోపంగా ఉంటే కెప్టెన్ పక్కన నిలబడాలి, కానీ ఆటగాడు అక్కడే ఉండాలి. నేను ఆ రోజు భయపడి మా జట్టు వెనకాల దాక్కున్నాను.

మ్యాచ్ అయ్యాక

చేతులు కలపండి, రిఫరీకీ స్కోరర్‌కూ కృతజ్ఞతలు చెప్పండి. ఓడినవాళ్లు సామాన్లు సర్దుకునేదాకా డప్పులు వాళ్ల పక్కన కొట్టించకండి. ఆతిథ్యం మీదైతే రెండు జట్లకూ ఒకే పంక్తిలో భోజనం పెట్టండి, ఓడిన జట్టుకు ముందు వడ్డించండి. దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ రాత్రి ఎలా వెళుతున్నారో అడగండి. ట్రాలీలో నిద్రమత్తులో ప్రయాణం చేయనివ్వకుండా బడిలో పడుకోబెట్టి ఉదయం పంపండి.

అవతలి జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే వాళ్ల కెప్టెన్ నంబర్ ఆ రాత్రే తీసుకోండి. మర్నాడు ఉదయం పదింటిలోపు ఫోను చేసి డాక్టర్ ఏమన్నారో, ఎక్స్‌రే తీయించారో లేదో, ఎన్ని రోజులు పనికి వెళ్లకూడదన్నారో అడగండి. రోజు కూలి మీద బతికేవాడైతే జట్టంతా తలా కొంత వేసుకుని పట్టుకెళ్లండి, ప్రైజు డబ్బు వస్తే అందులోంచి ముందు అది తీయండి. నేను ఆ తాపీ కుర్రాడి ఇంటికి వెళ్లడానికి పన్నెండు రోజులు తీసుకున్నాను. గుమ్మంలో వాళ్ల అమ్మ నన్ను గుర్తుపట్టి కూడా మంచినీళ్లు ఇచ్చింది. మీరు పన్నెండు రోజులు ఆగకండి.